24 గంటల పందెం, ఒక కోయంబత్తూరు సారథి

ఏ ఊళ్ళో ఉన్నా ఉగాది నాడు పంచాంగం వినకుండా మనకు పండుగ పూర్తికాదు. బెంగుళూరుకు వచ్చి రెండు తరాలైన కుటుంబాలలో పిల్లలకు తమ నక్షత్రం తెలియకపోవచ్చును గాని, ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్న నాలుగు అంకెలు మాత్రం అందరికీ కావలెను. ఆ అంకెలు చెప్పుకొని నవ్వుకొంటాము, మరునాటికి మరచిపోతాము. ఈ నాలుగు గళ్ళ పట్టికలో ఒక మనిషి వృత్తి జీవితం నిజంగా ఇముడుతుందా అన్న సందేహం మాకు ఈ మధ్య ఒక మోటారు సారథి చరిత్ర చదువుతుండగా కలిగినది. ఆ చరిత్రను పాఠకుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పందెం అనగానే మనవారికి కోడిపందేలు, ఎడ్ల పందేలు గుర్తుకు వస్తాయి. బెంగుళూరులో స్థిరపడినవారికి గుర్రపు పందేల మైదానం కూడా తెలుసును. మోటారు పందెం మాత్రం మనది కాదని, అది ధనవంతుల వేడుక అని మేమూ చాలాకాలం అనుకొన్నాము. సిల్కుబోర్డు కూడలి దాటడానికి అరగంట పట్టే ఊరిలో కూర్చొని, గంటకు మూడువందల కిలోమీటర్ల వేగం గురించి చదవడం కొంత వింతగానే ఉంటుంది. మేమీ విషయం ఎత్తుకొన్నామని విని మిత్రులొకరు, “ఆయన ఆ పందెంలో ఒక్క చుట్టయినా తిరగలేదు గదా, దానికొక చరిత్రా?” అని అడిగినారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చివర చెప్పుకొందాము. ముందు ఆ పందెం ఎటువంటిదో చూడవలెను.

ఫ్రాన్సు దేశంలో లే మాన్స్ అనే పట్టణం ఉన్నది. అక్కడ 1923 మే నెలలో మొదటిసారి 24 గంటల మోటారు పందెం జరిగినది. ఎవరి కారు వేగంగా పోగలదన్నది ఒక్కటే కాదు, ఎవరి కారు ఒక పగలూ ఒక రాత్రీ ఆగిపోకుండా నిలువగలదన్నది అక్కడి పరీక్ష. ఇటువంటి వాటిని ఎండ్యూరెన్స్ రేసులంటారు. మనం ఓర్పు పందేలందాము. చుట్టు ఒక్కటి పదమూడున్నర కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. అందులో కొంత భాగం మామూలు రోజులలో ఊరివారు బండ్లు నడుపుకొనే రోడ్డే. 2009లో గెలిచిన కారు 382 చుట్లు తిరిగినది. లెక్క వేస్తే 5,200 కిలోమీటర్ల పైచిలుకు. మన లెక్కలో చెప్పాలంటే బెంగుళూరు నుంచి విజయవాడకు నాలుగు మార్లు పోయి నాలుగు మార్లు తిరిగివచ్చినంత దూరం, ఒక్క రోజులో.

ఇంత దూరం ఒక మనిషి నడపలేడు, నడపనివ్వరు. ఏ సారథీ మొత్తం 14 గంటలకు మించి చక్రం పట్టరాదని నియమం. అందుచేత సాధారణంగా కారుకు ముగ్గురు సారథులుంటారు. ఒకరు నడుపుతుంటే ఒకరు తినడమో నిద్రించడమో చేస్తారు, మూడవవారు శిరస్త్రాణం పెట్టుకొని సిద్ధంగా కూర్చొంటారు. కారు ఇంధనానికీ టైర్లకూ ఆగినప్పుడు ఒకరు దిగగానే మరొకరు ఎక్కవలెను. ఎవరి ఒళ్ళు కొలతకు తగిన మెత్త వారు తెచ్చుకొంటారు గాని, ఆసనం ఒక్కటే, చక్రం ఒక్కటే. ఫార్ములా ఒన్ పందెంలో ఒక మనిషి సుమారు మూడువందల కిలోమీటర్లు రెండు గంటలలోపల ముగించి, గెలుపైనా ఓటమైనా తన పేరుననే వ్రాసుకొంటాడు. ఓర్పు పందెంలో అట్లా కుదరదు. ఒకరు పొరపాటు చేస్తే ముగ్గురికీ నష్టం, ఒకరు కష్టపడితే ముగ్గురికీ పేరు. మన ఉమ్మడి కుటుంబాల వ్యవహారం ఇట్లాగే ఉండేది గదా.

ఇక మన కథానాయకుని ఊరి సంగతి. కోయంబత్తూరు తమిళదేశంలో ఉన్నదన్న మాటే గాని, అక్కడి మిల్లులు, యంత్రశాలలు పెంచిన కుటుంబాలలో చాలామంది పూర్వీకులు శతాబ్దాల క్రితం తెలుగుదేశం నుంచి వలసపోయినవారు. వారి ఇండ్లలో ఇప్పటికీ ఒకరకమైన పాత తెలుగు వినవస్తుంది. మాటలో అరవం కలిసినా, పిలుపులలోనూ వంటలలోనూ తెలుగుతనం నిలిచి ఉన్నది. 1910లో లక్ష్మీ మిల్లులు స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడు ఈ వర్గానికి చెందినవారే. జి. డి. నాయుడు గారిది మరీ విచిత్రమైన చరిత్ర. 1893లో పుట్టిన ఆయన 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళనిల మధ్య ప్రయాణికులను చేరవేస్తూ వ్యాపారం ఆరంభించినారు. ఆ ఒక్క బస్సే పెరిగి పెద్ద రవాణా సంస్థ అయినది. 1937లో ఆయన, డి. బాలసుందరం గారు కలిసి విద్యుత్తు మోటారు తయారు చేసినారు. ఈనాడు మన పొలాలలో నీళ్ళు తోడే పంపుసెట్లకు కోయంబత్తూరు పేరు రావడానికి అటువంటివారి కృషే మూలం. యంత్రాన్ని కొని వాడుకోవడంతో తృప్తి పడక, విప్పి చూచి మళ్ళీ బిగించే బుద్ధి ఆ ఊరి గాలిలోనే ఉన్నదనవచ్చును.

ఆ బుద్ధి మోటారు పందేల వైపు తిరగడానికి ముఖ్య కారకులు ఎస్. కరివర్ధన్ గారు. లక్ష్మీ మిల్లుల కుటుంబానికి చెందిన ఈయన తాను పందేలు నడపడమే గాక, ఇతరులు నడపడానికి కార్లు కట్టినారు. మారుతి 800 ఇంజను తీసి, ఒంటి ఆసనపు పందెపు కారుకు అమర్చి, ఫార్ములా మారుతి అనే తరగతికి ప్రాణం పోసినారు. విదేశాల నుంచి కారు తెప్పించుకొనే శక్తి లేని కుర్రవారికి ఆ చిన్న బండ్లే బడి అయినవి. కరివర్ధన్ గారు 1995లో చిన్న విమానం కూలి మరణించినారు. కోయంబత్తూరు సమీపాన చెట్టిపాళయంలో ఉన్న పందెపు బాటకు ఆయన పేరే పెట్టినారు.

అట్టి ఊళ్ళో పెరిగినవారు నరైన్ కార్తికేయన్. 1977 జనవరి 14వ తేదీన, సంక్రాంతి రోజులలో, మద్రాసులో జన్మించినారు. చదువు కోయంబత్తూరులోని స్టేన్స్ పాఠశాలలో. తండ్రి జి. ఆర్. కార్తికేయన్ గారు ర్యాలీ పందేలలో పేరుమోసినవారు, దక్షిణ భారత ర్యాలీని పలుమార్లు గెలిచినవారు. నాన్నగారి బండి చప్పుడు వింటూ పెరిగిన పిల్లవాడు పదిహేనేండ్లకే శ్రీపెరంబుదూరులో తొలి పందెం నడిపి, బహుమతి మెట్టు ఎక్కినాడు. ఆ కారు ఫార్ములా మారుతియే. తర్వాత ఫ్రాన్సులో శిక్షణ, ఇంగ్లండులో పందేలు. 1994లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డు శీతాకాలపు పోటీలు గెలిచి, యూరోపులో మోటారు పందేల పోటీ నెగ్గిన తొలి భారతీయుడని పేరు తెచ్చుకొన్నారు. 1996లో ఫార్ములా ఏషియా విజేత అయినారు. 2001 జూన్ 14న ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా ఒన్ కారును పరీక్షార్థం నడిపినారు. అంతకు ముందు మన దేశస్థులెవరూ ఆ కారులో కూర్చొని నడపలేదు.

2005లో జోర్డాన్ జట్టు ఆయనకు ఆసనం ఇచ్చినది. ఫార్ములా ఒన్ పందెం నడిపిన తొలి భారతీయుడాయన. ఆ సంవత్సరం జూన్ 19న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ఒక విచిత్రం జరిగినది. ఒక కంపెనీ టైర్లు ఆ బాటకు ఆగవని తేలినందువల్ల, ఆ టైర్లు వాడే జట్లన్నీ పందెం మొదలుకాకముందే తప్పుకొన్నవి. ఆరు కార్లే మిగిలినవి. కార్తికేయన్ నాలుగవ స్థానంలో ముగించి ఐదు పాయింట్లు సంపాదించినారు. ఫార్ములా ఒన్‌లో భారతీయునికి వచ్చిన తొలి పాయింట్లవి. చప్పట్లు కొట్టినవారు కొందరు, “ఆరింటిలో నాలుగోదా?” అని నవ్వినవారు కొందరు. రాజపూజ్యమూ అవమానమూ ఒకే గడిలో పడినవి. అయితే ఆ దినం తప్పుకోని కారు కూడా చివరిదాకా నడిచి తీరవలెను గదా. ఆయన నడిపినారు.

ఆ జోర్డాన్ జట్టును అప్పుడు నిర్వహించినవారు కాలిన్ కోలెస్. పుట్టుక రొమేనియాలో, చదివినది దంతవైద్యం, వృత్తి మోటారు పందేలు. ఈ పేరు గుర్తుంచుకోవలెను. ఫార్ములా ఒన్‌లో కార్తికేయన్‌కు 2006లో పందెపు ఆసనం దొరకలేదు. విలియమ్స్ జట్టుకు కార్లు పరీక్షించే పని చేసినారు. దేశాల పేరుతో సాగిన ఏ-ఒన్ పందేలలో భారత జట్టు తరఫున 2007లో చైనాలోని ఝుహాయ్‌లో, 2009లో ఇంగ్లండులోని బ్రాండ్స్ హ్యాచ్‌లో గెలిచినారు. అప్పటికాయన వయస్సు ముప్పదిరెండు. ఒంటరి పందేల సారథికి అది కొత్త దారి వెతుక్కొనే వయస్సు. సరిగా ఆ సమయానికి కోలెస్ మళ్ళీ కబురు పెట్టినారు. ఈసారి పిలుపు ఓర్పు పందేలకు.

కోలెస్ జట్టు చేతిలో ఆడి కంపెనీవారి ఆర్10 కార్లు రెండున్నవి. ఈ కారుకు గొప్ప చరిత్ర ఉన్నది. పన్నెండు సిలిండర్ల డీజిలు ఇంజనుతో 2006లో లే మాన్స్ గెలిచినది. డీజిలు కారు ఆ పందెం గెలవడం అదే మొదలు. 2007లోను 2008లోను మళ్ళీ గెలిచినది. డీజిలంటే లారీలకూ పంపుసెట్లకూ అన్న మాట మనకు అలవాటు. కోయంబత్తూరు మనిషికి డీజిలు ఇంజను కారు రావడం తగిన జతే అనిపిస్తుంది. అయితే 2009 నాటికి ఆడివారు తాము స్వయంగా నడపడానికి కొత్త ఆర్15 తయారు చేసుకొన్నారు. పాత ఆర్10 కోలెస్ వంటి ప్రైవేటు జట్టుకు వచ్చినది. గెలిచిన గుర్రమే గాని వయస్సు మళ్ళినది. ఆ ఏడాది యూరోపులో వేయి కిలోమీటర్ల పందేలలో కార్తికేయన్, డచ్చి దేశస్థుడు చార్లెస్ జ్వోల్స్‌మన్ కలిసి ఆ కారు నడిపినారు. జూన్ నెలలో లే మాన్స్‌కు వీరిద్దరితో మూడవ సారథిగా జర్మన్ దేశస్థుడు ఆండ్రే లాటరర్ చేరినాడు. లాటరర్ అప్పటికి జపానులో పందేలు నడుపుతున్నవాడు. లే మాన్స్ అతనికి అదే మొదలు. వీరి కారు సంఖ్య 14.

2009 మన లెక్కలో విరోధి నామ సంవత్సరం. జూన్ 13, శనివారం. లక్షల జనం. లే మాన్స్‌లో ఒకప్పుడు ఒక ఆచారం ఉండేది. కార్లు ఒక ప్రక్క, సారథులు మరొక ప్రక్క నిలిచి, జెండా ఊపగానే సారథులు రోడ్డు అడ్డంగా పరుగెత్తి కారెక్కేవారు. తొందరలో నడుము పట్టీలు సరిగా బిగించుకోక ప్రమాదాలు వస్తున్నవని 1970 నుంచి ఆ పరుగు మానివేసినారు. సుమారు నలభై ఏండ్ల తర్వాత, పరుగు అవసరమే లేని కాలంలో, కార్తికేయన్‌కు పందెం మొదలుకావడానికి కొద్దిసేపటి ముందు పిట్ గోడ వద్ద కాలు తప్పినది. పడినారు. భుజం కీలు తొలగినది.

కారు నడపడానికి భుజంతో ఇంత పని ఏమిటని మనకు అనిపించవచ్చును. పందెపు కారులో సారథిని రెండు భుజాల మీదుగా పట్టీలతో ఆసనానికి బిగించి కట్టుతారు. మలుపు మలుపుకూ ఒళ్ళు ప్రక్కకు లాగుకొంటుంది, చక్రం చేతులకు ఎదురు తిరుగుతుంది. నిప్పంటుకొంటే సారథి తన చేతులతో తానే క్షణాలలో బయటపడవలెను. తొలగిన భుజంతో ఇవేవీ సాధ్యం కావు. కార్తికేయన్ ఆ రోజు కారెక్కలేదు. లే మాన్స్ పందెంలో ఒక్క చుట్టు కూడా నడపలేదు.

కారు మాత్రం బయలుదేరినది. ముగ్గురు చేయవలసిన పని ఇద్దరి మీద పడినది. 24 గంటలను ఇద్దరు పంచుకొంటే ఒక్కొక్కరికి 14 గంటలు దాటకూడదు, అంటే ఏ ఒక్కరూ పది గంటలకు తక్కువ నడపడానికి వీలులేదు. ఒకరు దిగి కాస్త నడుము వాల్చేలోగా మళ్ళీ పిలుపు వస్తుంది. మూడవ మనిషి ఉంటే వచ్చే నిద్ర ఉండదు. లాటరర్‌కు ఆ బాట కొత్త. అయినా ఇద్దరూ తెల్లవార్లు నడిపినారు. మరునాడు, ఆదివారం మధ్యాహ్నం పందెం ముగిసేసరికి 14వ సంఖ్య కారు ఏడవ స్థానంలో ఉన్నది. అదే జట్టు రెండవ కారు ముగ్గురు సారథులతో తొమ్మిదవ స్థానంలో వచ్చినది. ఆ ఏడు ప్యూజో కారు గెలిచినది. ఆడివారి సొంత కొత్త కారుకు దక్కినది మూడవ స్థానం. పాత కారుతో, ఇద్దరు మనుషులతో ఏడవ స్థానం చిన్న విషయం కాదు.

ఆ 24 గంటలూ కార్తికేయన్ మనసులో ఏమున్నదో మేము ఊహించి వ్రాయబోము. అది ఆయన సొంత విషయం. బయటి లెక్క మాత్రం వ్రాయగలము. లాటరర్ ప్రతిభ ఆ రాత్రి లోకానికి తెలిసినది. 2010లో ఆడివారి సొంత జట్టు అతనికి ఆసనం ఇచ్చినది. 2011లో అతడు తన ఇద్దరు సహచరులతో లే మాన్స్ గెలిచినాడు. 24 గంటల తర్వాత రెండవ కారుకూ వీరికీ నడుమ ఉన్న తేడా పదునాలుగు సెకన్లకు లోపే. 2012లోను 2014లోను మళ్ళీ గెలిచినాడు. ఒకరి భుజం తొలగడం మరొకరి భుజం మీద భారమైనది, ఆ భారమే అతనిని లోకం ముందు నిలబెట్టినది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరి కుట్రా లేదు. కాని ఒక రోజు తేడాతో రెండు జీవితాలు రెండు దారులు పట్టినవి.

లే మాన్స్‌లో పందెం నడిపిన తొలి భారతీయుడన్న పేరు మూడేండ్ల తర్వాత చెన్నైకి చెందిన కరుణ్ చంధోక్‌కు వచ్చినది. 2012లో ఆయన డేవిడ్ బ్రాబం, పీటర్ డంబ్రెక్‌లతో కలిసి హోండా ఇంజను కారులో ఆరవ స్థానం పొందినారు. ఈ బ్రాబం 2009లో గెలిచిన ప్యూజో కారు సారథులలో ఒకరు. కార్తికేయన్‌కు దక్కవలసిన తొలి పేరు ఒక గోడ దగ్గర ఆగి, మూడేండ్లు చుట్టు తిరిగి మరొక దక్షిణాది వానికి చేరినది.

2010లో కార్తికేయన్ ఓర్పు పందేల దారి వదలి అమెరికాలో ట్రక్కు పందేలకు పోయినారు. ఆ ఏడాదే భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చినది. 2011లో ఫార్ములా ఒన్‌కు తిరిగి వచ్చినారు. హెచ్.ఆర్.టి. అనే ఆ చిన్న జట్టు పెద్ద కూడా కోలెస్ గారే. ఆ అక్టోబరు 30న ఢిల్లీ సమీపాన మన దేశపు తొలి గ్రాండ్ ప్రీ జరిగినప్పుడు, సొంత జనం ముందు, మిక్కిలి మెల్లని కార్లలో ఒకదానితో పందెం పూర్తి చేసినారు. 2014 నుంచి జపానుకు పోయి ఐదేండ్లు సూపర్ ఫార్ములాలో నడిపినారు. అక్కడ ఆయన ఎదుటి పక్షంలో ఉన్నవారిలో ఆండ్రే లాటరర్ ఒకడు. ఒకనాడు ఒకే ఆసనం పంచుకోవలసిన ఇద్దరూ, పరాయి దేశంలో వేరు వేరు కార్లలో ఒకే బాట మీద తిరిగినారు.

ఇంతటితో ఓర్పు పందేల అధ్యాయం ముగిసినదనుకోవచ్చును. ఒక్క సంవత్సరపు అధ్యాయం. కాని అక్కడే మన బెంగుళూరు కథలోకి వస్తున్నది.

ఈ ఊళ్ళో మైనీ అనే పేరు వినని వారు తక్కువ. 2001లో అమ్మకానికి వచ్చిన రేవా అనే చిన్న విద్యుత్తు కారు మనవారిలో చాలామందికి జ్ఞాపకముండవచ్చును. అది చేతన్ మైనీ గారి కృషి. ఆ కుటుంబంలోని యువకుడు అర్జున్ మైనీ 1997 డిసెంబరులో బెంగుళూరులోనే జన్మించినాడు. 2011లో దేశమంతా గాలించి చిన్న వయస్సు సారథులను వెదికే పోటీ ఒకటి జరిగినది. అందులో ఎంపికైన ముగ్గురిలో అర్జున్ ఒకడు, మరొకడు తరుణ్ రెడ్డి. 2014లో ఇంగ్లండులో బి.ఆర్.డి.సి. ఫార్ములా ఫోర్ పోటీలలో అర్జున్ రెండవవాడుగా వచ్చినాడు. అతనిని వెనుకకు నెట్టి మొదటివాడైన జార్జి రస్సెల్ తర్వాత ఫార్ములా ఒన్ పందేలు గెలిచినవాడు. 2017లో అర్జున్ బార్సిలోనాలో జి.పి.3 పందెం గెలిచినాడు. 2018లో ఫార్ములా టూలో కష్టాల ఏడు గడిచినది. 2019లో అతడూ ఓర్పు పందేల వైపు తిరిగి లే మాన్స్‌లో నడిపినాడు.

2021 ఫిబ్రవరిలో ఆసియా లే మాన్స్ సిరీస్ దుబాయిలోను అబూధాబీలోను జరిగినది. మహమ్మారి రోజులవి. ఒక్కొక్క పందెం నాలుగు గంటలు. రేసింగ్ టీం ఇండియా అనే పేరుతో ఒక కారు వచ్చినది. సారథులు ముగ్గురూ మనవారే: నరైన్ కార్తికేయన్, అర్జున్ మైనీ, నవీన్ రావు. కార్తికేయన్‌కు నలభైనాలుగు, అర్జున్‌కు ఇరవైమూడు. 2005లో మెల్బోర్న్‌లో కార్తికేయన్ తొలి ఫార్ములా ఒన్ పందెం నడిపేనాటికి అర్జున్ ఏడేండ్ల బాలుడు. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే ఆసనం. పెద్దవాడు దిగి చిన్నవానికి చక్రం అందిస్తాడు, చిన్నవాడు దిగి పెద్దవానికి అందిస్తాడు.

2009 నుంచి 2021కి పన్నెండేండ్లు. మన లెక్కలో ఒక పుష్కరం. విరోధి సంవత్సరంలో తప్పిన పని శార్వరి సంవత్సరంలో, మరొక రూపంలో, మరొక చోట చేతికి వచ్చినది. అది లే మాన్స్ కాదు నిజమే. 24 గంటలు కాదు, నాలుగు గంటలే. అప్పటి ప్రథమ శ్రేణి కారూ కాదు, దాని క్రింది తరగతిది. కాని కోయంబత్తూరు మనిషి, బెంగుళూరు కుర్రవాడు ఒక కారును పంచుకొని నడపడమన్నది 1992లో శ్రీపెరంబుదూరులో ఆ మారుతి ఇంజను బండి కదిలిననాడు ఎవరి ఊహలోను ఉండియుండదు.

ఇప్పుడు మిత్రుని ప్రశ్నకు జవాబు. ఒక్క చుట్టు తిరగని పందెానికి చరిత్ర ఎందుకు?

మొదటి మాట, చరిత్ర వ్రాసేవారు అభిమానంతో అంకెలు మార్చరాదు. 2009లో 14వ కారు తెచ్చిన ఏడవ స్థానం లాటరర్‌ది, జ్వోల్స్‌మన్‌ది. దానిని మనవాని ఖాతాలో వ్రాసుకోవడం తప్పు. మనవారి గొప్పలు చెప్పుకొనే తొందరలో ఇటువంటి పొరపాట్లు సంచికలలో దొర్లుతూ ఉంటవి. ఇందులో దొర్లకూడదని మా కోరిక. రెండవ మాట, ఆయన పేరును ఓటమి గడిలో వ్రాయడం కూడా అంతే తప్పు. పోటీ చేసి ఓడడం వేరు, పోటీ చేతికి అందకపోవడం వేరు. పంచాంగంలోని నాలుగు గళ్ళలో ఈ రెండవదానికి చోటు లేదు. ఆదాయం కాదు, వ్యయం కాదు, పూజ్యం కాదు, అవమానమూ కాదు.

వలస వచ్చిన మన ఇండ్లలో ఇటువంటి లెక్కకు రాని కథలు ఎన్ని లేవు? ఉద్యోగానికి ఉత్తరువు చేతికి వచ్చిన వారానికే ఇంట్లో జబ్బు చేసి ఊరు కదలలేకపోయిన పెదనాన్నలున్నారు. తమ్ముడి చదువు కోసం తన చదువు మానిన అన్నగారున్నారు. ఆ తమ్ముళ్ళ పిల్లలు ఈనాడు మన సంఘం వేదిక మీద పాటలు పాడుతున్నారు. ఆ పెద్దల పేర్లు ఏ సంచికలోనూ అచ్చు కాలేదు. వారు ఓడినవారు కారు. వారి వంతు రాకముందే గోడ దగ్గర కాలు తప్పినది, అంతే. కారు మాత్రం మిగిలినవారు నడిపి గమ్యం చేర్చినారు.

మూడవ మాట, కార్తికేయన్ ఆ తర్వాత చేసినది. పడిన మనిషి లేచినాడు. ట్రక్కు దొరికితే ట్రక్కు నడిపినాడు, మెల్లని కారు దొరికితే దానినీ చివరిదాకా నడిపినాడు, నలభై దాటిన తర్వాత కూడా జపానులో పందేలు సాగించినాడు. 2019 నవంబరులో ఫుజీ బాట మీద జపాను, జర్మనీ కార్లు కలిసి పోటీ పడిన ప్రత్యేక పందెంలో హోండా కారుతో గెలిచినాడు. అప్పటికి ఆయనకు నలభైరెండు. ఓర్పు పందెంలో ఆయన జీవితం కొద్ది నెలలే. కాని ఓర్పు అన్న మాటకు అర్థం వెదికితే, ఆ నెలలలో కంటె ఆ తర్వాతి పన్నెండేండ్లలోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ కొత్త సంవత్సరంలో మన ఇండ్లలో పంచాంగం విన్న తర్వాత ఒక పని చేయవలెనని పాఠకులకు మా మనవి. ఇంట్లో పెద్దవారుంటే ప్రక్కన కూర్చొని, వారు చేసిన పనులు సరే, చేయబోయి చేయలేకపోయిన పని ఏదని అడగవలెను. పిల్లలను కూడా దగ్గర కూర్చోబెట్టవలెను. చెప్పినది చెప్పినట్టు, కొసరు కలపకుండా, ఒక కాగితం మీద వ్రాసి ఉంచవలెను. వచ్చే సంచికకు వ్యాసాలు లేవని సంఘంవారు ప్రతి ఏడూ విచారిస్తూ ఉంటారు. ఆ కాగితాలు వారికి పంపితే ఆ కొరత తీరుతుంది, మన చరిత్రలో ఖాళీగా ఉండిపోయిన గళ్ళు కొన్నయినా నిండుతవి.